మరొక్క మెట్టు

"మరొక్క మెట్టు, ఎర్నమ్మా," అంది డాక్టర్ ప్రసూన.

ఇనప కమ్మీ పట్టుకుని, పళ్లు బిగించి ఎర్నమ్మ ఆ మెట్టూ ఎక్కింది. మేడ కడుతూ పరంజా మీంచి పడి నడుము విరిగాక ఆమె మెట్లెక్కడం అదే మొదలు. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. ఆమె తొడకు చుట్టిన పట్టీలో పచ్చలైటు వెలిగింది.

ఆ పట్టీ పేరు శక్తిమాపకం. చర్మం మీదుగా సన్నటి కరెంటు పంపి, చచ్చుబడిన కండరంలో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో సెన్సర్లతో కొలుస్తుంది. పచ్చలైటు వస్తే మనిషి మెట్లెక్కగలడని లెక్క. ఎక్కాక ఏమవుతాడో దానికి తెలియదు. ఆ తర్వాత ఎర్నమ్మ వారంపాటు మంచం దిగలేదు. ఆ సంగతి ప్రసూనకు చెప్పనూ లేదు. సొంత చెల్లెలిలా చూసుకున్న డాక్టరమ్మను చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం లేకపోయింది. చుట్టమొస్తే ఉన్నంతలో మంచి చీర కట్టుకుంటాం కదా, ఇదీ అంతే.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి పొదుపు మీద భక్తి పుట్టింది. మంత్రుల కార్ల జోలికి పోలేదు. దివ్యాంగులని ముద్దుపేరు పెట్టిన నోటితోనే, వాళ్లకిచ్చిన సహాయకులు దండగన్నది. పచ్చలైటు వెలిగినవాళ్లకు తోడు అక్కర్లేదని జీవో తెచ్చింది. ఆ రోజు ల్యాబులో ఎర్నమ్మ మెట్లెక్కుతుండగా తీసి ప్రసూన ఇచ్చిన వీడియోనే అన్ని టీవీల్లోనూ రుజువుగా వేశారు. రోజూ ఎర్నమ్మను మంచం మీంచి లేపి, ఆమె నడుపుకునే పూలకొట్టులో కూర్చోబెట్టే సహాయకురాలిని మాన్పించారు. కొట్టు మూతపడింది.

అప్పీలు చేసుకోమన్నారు. ఆ ఆఫీసు మేడ మీద. లిఫ్టు కూడా పొదుపులోనే ఆగిపోయింది. చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్లంతా మెట్ల దగ్గర చిక్కుబడ్డారు. ఎక్కకపోతే అప్పీలు వినరు. ఎక్కితే వినడానికేమీ ఉండదు.

మొదటి వంతు ఎర్నమ్మదే. తలెత్తి చూస్తే పైన ప్రసూన నిలబడి ఉంది, ప్రభుత్వం తరఫు నిపుణురాలిగా.

"రండి, మీరు ఎక్కగలరు. నేను కళ్లారా చూశాను," అంది ప్రసూన మెల్లిగా.

"ఎక్కగల్ను డాట్రమ్మా. మిమ్మల్ని నమ్మి ఒకపాలి ఎక్కినాను. మల్లీ ఎక్కితే ఈలందరి నోట్లో మట్టి కొట్టినట్టే."

ప్రసూన తల దించుకుంది. కిందికి మాత్రం దిగలేదు.

బంట్రోతు ఆనవాయితీగా ఎర్నమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ ఆమె కిందినుంచి గట్టిగానే పలికింది. పైకి రాకుండా పలికితే చెల్లదన్నాడు. ఆమె రాలేదని ప్రకటించి, తర్వాతి పేరు పిలిచాడు.