ఫ్రిజ్‌లో బండి తాళం

"మీ సినిమాలో హీరో ఫ్రిజ్. ఏడు నిమిషాలూ అదే మాట్లాడింది. హీరోయిన్‌కి కూడా ఒక ఛాన్స్ ఇవ్వాల్సింది. మొదటి రెండు నిమిషాలు తీసేయండి, కథ ఆ తర్వాతే మొదలవుతోంది."

రాసినవాళ్ళ పేరు: కత్తెర.

కింద ఇంకా ఏదో ఉంది. చదవబుద్ధి కాక ఫోన్ కౌంటర్ మీద బోర్లా పెట్టాడు అద్దాలబాబు. కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు బిగించే ఉద్యోగం కాబట్టి వీధిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. షార్ట్ ఫిల్ములు తీయడం మాత్రం ఉద్యోగం కాదు, పిచ్చి.

ఆ ఆన్‌లైన్ ఫెస్టివల్‌లో ఒక రూలుంది. సినిమా పంపిన ప్రతివాళ్ళూ మిగతావాళ్ళవి ఐదు చూసి, అభిప్రాయం రాయాలి. అవి చదువుకుని, తప్పులు దిద్దుకుని, ఆదివారం సాయంత్రం ఆరులోగా మళ్ళీ పంపుకోవచ్చు. అద్దాలబాబు ఐదింటికీ "సూపర్, ఆల్ ది బెస్ట్" అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఒక్కటీ పూర్తిగా చూడలేదు.

"ఎవడో గానీ కరెక్టుగా రాశాడురా," అంది అక్క. అతని సినిమాలన్నిటికీ ఆవిడే హీరోయిన్. "ఆ ఫ్రిజ్ హోరులో చివర్లో నేనన్న మాట నాకే వినపళ్ళేదు."

"నువ్వు కూడానా అక్కా?"

"మూడేళ్ళయింది, ఒక్కటీ సెలెక్ట్ కాలేదు. ఈసారి కూడా కాకపోతే కెమెరా బీరువాలో పెట్టి తాళం వేస్తానని ఒట్టేసింది నువ్వే. నేను కాదు."

అదీ సంగతి.

ఆ చివరి సీను మళ్ళీ తీయడానికి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అక్కనీ కెమెరానీ ఎక్కించుకుని బేకరీ ముందు బండి ఆపాడు. కిందటిసారి షూటింగ్ అక్కడే జరిగింది. అప్పుడు ఓనర్ ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు కౌంటర్ వెనక ఆయన కూతురుంది. ముక్కు మీద పిండి, చేతిలో కత్తెర. అట్టపెట్టెలకి రిబ్బన్లు కడుతోంది.

"ఫ్రిజ్ ఆపాలండీ. ఇరవై నిమిషాలు చాలు," అన్నాడు.

"లోపల మూడంతస్తుల కేకుంది. హెడ్మిస్ట్రెస్ గారి రిటైర్మెంట్ పార్టీకి ఏడింటికి వెళ్ళాలి. మళ్ళీ ఆన్ చెయ్యడం గుర్తుంటుందా మీకు?"

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా అండీ?"

"పెద్దవాళ్ళే మర్చిపోతారు. ఇంతకీ కిందటిసారి తీసిందానికేమైంది?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు. "ఎవడో కత్తెరట! వీడు తీయడు, తీసినవాణ్ణి బతకనివ్వడు. కచ్చితంగా పెళ్ళి కాని వెధవే. అయ్యుంటే ఇంత తీరిక ఎక్కడిది?"

"అయ్యో పాపం," అంది ఆ అమ్మాయి. రిబ్బను చటుక్కున తెగింది. "ఆ ఫెస్టివల్ వాళ్ళ లైవ్ క్లాసులు విన్నారా? రోజూ ఒక గంట పెట్టారుగా."

"అవన్నీ మనకి తెలిసినవే కదండీ."

"అవునవును. సరే, మీ బండి గుమ్మానికి అడ్డంగా ఉంది. తాళం ఇలా ఇవ్వండి, నాన్న పక్కన పెడతారు."

ఇచ్చేశాడు.

ఫ్రిజ్ స్విచ్ తీశాక గదిలో నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉందంటే, గోడ గడియారం గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. మొదటి టేక్ సగంలో ఉండగా వాన మొదలైంది. బయట రేకుల మీద శనగలు పోసినట్టు ఒకటే చప్పుడు.

"అడగండి, వానని కూడా ఇరవై నిమిషాలు ఆగమని," అంది ఆ అమ్మాయి.

ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేశారు. వాన నాలుగు దాకా పట్టింది. అది తగ్గాక మళ్ళీ ఆపారు. ఈసారి అక్క కౌంటర్ దగ్గర నిలబడి, కేకు మీద ఎవరి పేరు రాయాలని ఓనర్ అడిగితే, ఊపిరికన్నా కాస్త గట్టిగా అంది: "పేరు వద్దండీ. అక్కడ ఖాళీ వదిలేయండి."

ప్రతి అక్షరమూ వినిపించింది. కెమెరా వెనకనుంచి అద్దాలబాబు తలెత్తేసరికి, తలుపు దగ్గర ఆ అమ్మాయి పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది. ముక్కు మీద పిండి బుగ్గకి కూడా అంటుకుంది. అతను రెండు క్షణాలు కట్ చెప్పడం మర్చిపోయాడు.

టైము చూస్తే నాలుగూ నలభై.

"అక్కా, పద! ఇంటికెళ్ళి ఎడిట్ చెయ్యాలి!"

స్టాండ్ మడిచాడు, మైకు చుట్టాడు, బయటికి ఉరికాడు. జేబులు తడిమాడు. తాళం లేదు. లోపలికి వచ్చి కుర్చీల కింద వెతికాడు.

"అంకుల్, నా బండి తాళం?"

"నేను బండి జరిపి అమ్మాయికే ఇచ్చాను బాబూ."

"ఏవండీ! టైమైపోతోందండీ!"

ఆ అమ్మాయి ముడి బిగించి, తీరిగ్గా తలెత్తింది. "భద్రంగానే ఉంది. కేకు పక్కన పెట్టాను."

అద్దాలబాబు ఫ్రిజ్ వైపు చూశాడు. లైటు లేదు. చప్పుడూ లేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

స్విచ్ వేసి తలుపు తీశాడు. మూడంతస్తుల కేకు పక్కన చిన్న సాసరులో తాళం. పై అంతస్తులో ఒక క్రీము గులాబీ నిద్రొస్తున్నట్టు పక్కకి వాలింది. ఫ్రిజ్ గుర్రుమంది. ఆ చప్పుడు అంత హాయిగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలీదు.

"లైవ్ క్లాసులో మొదటిరోజే చెప్పారు," అంది. "షూటింగ్ కోసం ఫ్రిజ్ ఆపితే బండి తాళం అందులో పెట్టండి, దాన్ని తెరవకుండా ఇంటికెళ్ళలేరు అని. చెప్పినాయన వాళ్ళ అత్తగారి ఫ్రిజ్ మొత్తం పాడుచేసి నేర్చుకున్నాడట."

"మీరు ఆ క్లాసులు... అంటే మీరు కూడా సినిమా..."

"మా షాపు ఫొటో కనిపించిందని మీది చూశాను. ఆ ఫ్రిజ్ గొంతు నాకు తెలీదా?"

అతని చూపు ఆమె చేతిలో ఉన్న కత్తెర మీద పడింది.

"పెళ్ళి కాలేదు. అది మాత్రం కరెక్టుగా కనిపెట్టారు," అంది.

అక్క నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

తాళం చేతికొచ్చినా అతను కదల్లేదు. "ముందు గులాబీ సంగతి చూడండి. నేను పళ్ళెం పట్టుకుంటాను."

"టైము?"

"నేను కరగబెట్టింది నేనే నిలబెట్టాలి కదండీ."

ఆ పనికి పావుగంట పట్టింది. ఇక ఇంటికి వెళ్తే ఆరులోగా అవదు. సంచిలోంచి తీసి బేకరీ బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆమె పక్కన స్టూలు వేసుకుంది.

"ఈ మొదటి షాట్ తీసేయండి."

"దీనికోసం మూడు గంటలు ఎండలో నిలబడ్డానండీ!"

"చూసేవాళ్ళు నిలబడలేదుగా."

తీసేశాడు. రెండు నిమిషాలు పోయాక కథ నిజంగానే లేచి కూర్చుంది. ఐదూ యాభై ఏడుకి సినిమా వెళ్ళింది. ఏడింటికి కేకూ వెళ్ళింది.

మర్నాడు షాపులో భోజనం మానేసి ఆమె సినిమా చూశాడు. వాళ్ళ నాన్న తెల్లారుజామున పిండి కలపడం, అంతే. నాలుగుసార్లు చూశాడు. ఆ తర్వాత జీవితంలో మొదటిసారి ఒక నిజమైన అభిప్రాయం రాశాడు: "మూడో నిమిషంలో నాన్నగారు తల తిప్పి మీ వైపు చూసి నవ్వుతారు. ఆ షాట్ ఇంకాసేపు ఉంచాల్సింది. కత్తెర చేతిలో ఉందని తొందరపడ్డారు."

అప్పుడే, తన సినిమా కింద చదవకుండా వదిలేసిన మిగతా వాక్యాలు కూడా చదివాడు.

"చివరి మాట వినపడలేదు గానీ, ఆవిడ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి కథ రాసినవాణ్ణి ఒకసారి చూడాలనుంది."

పది రోజులకి ఫలితాలొచ్చాయి. ఎంపికైన పన్నెండు సినిమాల్లో అతనిది పదకొండోది. ఆమెది లేదు. ఆ వార్త పట్టుకుని బేకరీకి వెళ్ళాడు. నేరుగా లోపలికి వెళ్ళొచ్చి, కౌంటర్ దగ్గర ఏ మొహంతో చెప్పాలో తెలియక ఆగిపోయాడు.

"చూశాను. కంగ్రాట్స్," అంది ఆమె. "నాది నాకు అర్థమైందిలెండి. నాన్న నవ్వు తొందరగా కట్ చేశాను. వచ్చే ఏడు చూడండి, మీ పని చెప్తాను."

"వచ్చే ఏడు ఇద్దరం కలిసి ఒకటే తీద్దామా?"

"ఒక్క సినిమానేనా?"

"అన్నీ," అన్నాడు. అంతకన్నా పొడుగు డైలాగు రాసుకొచ్చాడు గానీ, కత్తిరించేశాడు.

ఆమె రిబ్బను వైపు చూస్తూ నవ్వింది. "ఇది బాగుంది. ఉంచేయండి."

అప్పుడే లోపల ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. నాన్న తాళం పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏమిటి బాబూ, నీ బండి తాళం మళ్ళీ ఇందులో ఉంది? ఇవాళ షూటింగ్ లేదుగా?"

"లేదంకుల్. వస్తూనే పెట్టాను." అద్దాలబాబు ఆమె వైపు చూశాడు. "ఇవాళ తొందరగా వెళ్ళాలని లేదు."

ఆయన అతని మొహం చూశాడు. కూతురి మొహం చూశాడు. ఆమె వద్దని అనలేదు.

ఆయన వెనక్కి తిరిగి, తాళం ఉన్నచోటే పెట్టి, ఫ్రిజ్ తలుపు మూసేశాడు.