తెగని మాట

"సాక్ష్యం చెబుతానని నేనెప్పుడన్నానే?" అంది హైమావతి, తల దించుకుని.

ఎంక్వయిరీ గదిలో కనకరత్నానికి కాళ్ల కింద భూమి కదిలిపోయింది. ఇద్దరూ విజయవాడ సిటీ బస్సుల్లో కండక్టర్లు. తన చెయ్యి పట్టుకున్న సూపర్‌వైజర్ చెంప రత్నం పగలగొట్టినప్పుడు, కళ్లారా చూసింది హైమ ఒక్కతే. ఆమె నోరు విప్పకపోతే రత్నం ఉద్యోగం ఊడుతుంది. "చెబుతావా?" అని ఫోన్లో అడిగితే, "నేనున్నా కదే, చెబుతాలే" అన్న మాట రత్నం తన చెవులతోనే వింది.

ఆ కాల్ పరీక్షించాల్సిందేనని రత్నం పట్టుబట్టి, ఫోన్లలో ఉండే 'సంధి'ని కనిపెట్టిన డాక్టర్ శేషకుమారిని పిలిపించింది.

ఆ రోజుల్లో సంధి లేని ఫోన్ లేదు. ఇంట్లో వైఫై మీద వింటున్న పాట, మనం గడప దాటి టవర్ సిగ్నల్ అందుకునేలోపు రెప్పపాటు తెగేది. ఆ రెప్పపాటులో రావలసిన స్వరాన్ని సంధి ఊహించి అతికించేది. పాటలకు బాగుందని మాటలకూ పెట్టారు. మనిషి గొంతూ, మాటతీరూ నేర్చుకుని తెగినచోట పూరించేది.

డాక్టర్ ఆ కాల్ పరీక్షించి నొచ్చుకుంది. "అప్పుడు సిగ్నల్ తెగలేదమ్మా. మీరడిగాక ఆవిడ మాట్లాడలేదు, అంతే. ఆ మౌనాన్ని మా సంధి తెగిన సిగ్నల్ అనుకుంది. సరిచేస్తాం, కొంత టైం పడుతుంది."

"మరి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"ఆవిడ దగ్గర్నించే. మీరు డ్యూటీ మార్చుకోమన్నా, మీ పాపని చూడమన్నా, ఎప్పుడూ 'నేనున్నా కదే' అనేవారు. సంధికి వేరే జవాబు తెలీదు."

"నా ఉద్యోగం కూడా పోతుందని భయమేసిందే..." హైమ గొణిగింది.

రత్నానికి ఒళ్లు మండిపోయింది. చెప్పలేనని ముందే ఒక్క మాట అంటే ఇంకో దారి వెతుక్కునేది కదా! నోరు మెదపకుండా నట్టేట ముంచింది. యంత్రాన్ని తిట్టడానికి మాత్రం మనసొప్పలేదు. పాపం, అదీ తనలాగే పాత హైమను నమ్మింది.

రత్నం ఉద్యోగం పోయింది. వారం తిరక్కుండా, రత్నం కూరగాయలకు వెళుతుంటే హైమ ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"తప్పయిపోయిందే రత్నం. నన్ను క్షమిస్తావా?"

రత్నం పళ్లు బిగబట్టింది. ఈ మనిషికి తిట్టు కూడా దండగే అనుకుంది.

అవతల హైమ భోరుమంది. "నీ మనసు వెన్నే! ఇంత ద్రోహం చేసినా 'పోనీలేవే, మనలో మనకేంటి' అన్నావు చూడు, అది చాలు. ఇవాళ కడుపునిండా అన్నం తింటాను" అంటూ పెట్టేసింది.