ఉమామహేశ్వరమ్మ రాయి

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే వీధిలో పొద్దస్తమానం ఉలి చప్పుడే. కొత్తగా వచ్చినవాళ్లు చెవులు మూసుకుంటారు. శిల్పి శేషయ్య కూతురు సాయి ప్రియ మాత్రం రాతిపొడిలో బొమ్మలు గీసుకుంటూ హాయిగా కూర్చునేది. పుట్టుచెవుడు. సర్కారు కార్డు మీద ఆపరేషన్ చేయించి, చెవి వెనక అయస్కాంతంతో అతుక్కునే వినికిడి యంత్రం పెట్టించి ఏడాది కావస్తోంది. వారం వారం నంద్యాల తీసుకుపోయి లూదియా టీచర్ దగ్గర మాటలు నేర్పించినా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వయసు మీరితే ఇక మాటలు రావడం కష్టమన్నారు డాక్టర్లు. పాపకు ఆరో ఏడు దగ్గరపడుతోంది. శేషయ్యకు కూడు సహించడం లేదు.

అప్పుడే చాగలమర్రి నుంచి మహేష్ అనే రైతు వచ్చాడు. చనిపోయిన వాళ్లమ్మ ఉమామహేశ్వరమ్మ విగ్రహం పొలంలో పెట్టుకుంటాడట. శేషయ్య మంచి నల్లరాయి తెచ్చి మొదలుపెట్టాడు. ముక్కు, నోరు తేలాయి. ఒక సాయంత్రం కరెంటు పోయి రాయి కోసే మిషన్ ఆగింది. పాప వచ్చి రాతికి తల ఆనించింది. యంత్రం అయస్కాంతపు బిళ్ల రాతివైపు కాస్త లాగినట్టయింది. పాప ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. బిడ్డ వింటోంది! శేషయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు.

“కొన్ని నల్లరాళ్లలో కొంచెం అయస్కాంతం ఉంటాదన్నా,” అంది లూదియా, సంగతి విని. “దానికి మిషన్లో గుయ్‌మంటాది, అంతే. అది మాట కాదు. పాపను ఆ రాయి కాడికి పోనీయాకన్నా.”

“గుయ్‌మనేదైనా విననీ టీచర్! నా గొంతు ఎట్లాగూ ఇనపడలే గదా!”

విగ్రహానికి ఇక కళ్లు తెరవడమే మిగిలింది. ఆ పని అయితే రాయి వెళ్లిపోతుంది. అందుకని మహేష్ ఫోన్ చేసినప్పుడల్లా రేపూ మాపూ అని నెట్టుకొచ్చాడు. పాప పొద్దంతా రాతినోటికి చెవి ఆనించి తల ఊపేది. తల్లి తట్టినా తిరిగేది కాదు.

ఒక మునిమాపు శేషయ్య భార్య వచ్చి గుసగుసగా అంది: “పాప మిషను ఇదిగో, నా చేతిలోనే ఉండాది. బ్యాటరీ అయిపోయిందని పొద్దున్నే తీసినా.”

శేషయ్య షెడ్డులోకి చూశాడు. పాప... రాతికి చెవి ఆనించి... తల ఊపుతోంది. పెదవులు కదులుతున్నాయి. తడిసిన రాతిపొడి వాసన. పరుగున వెళ్లి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. వచ్చి పడింది. సుత్తి అందుకుని ఆ ముఖం మీద కొట్టాడు. ఇంకో దెబ్బ... ఇంకోటి... ముఖం ముక్కలై రాలింది.

“సాయీ... నన్ను చూడమ్మా...”

పిలవగానే పాప తిరిగింది. యంత్రం లేకుండానే తిరిగింది. తండ్రి నుదుటి మీది దుమ్ము తుడిచింది.

“ఏందప్పా, ఇంత పని జేస్తివి?” ముసలి గొంతు. “మా మహేషు వచ్చినాడా?”

శేషయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా బిడ్డ నోటి నుంచి మాట వచ్చింది. ఆ ఆశ చావలేదు.

“వస్తాడమ్మా... వస్తాండాడు. మాట్లాడు... ఇంకొంచెం మాట్లాడు...”

అప్పుడు కాళ్ల దగ్గర, పగిలిన రాతిముక్కల్లోంచి, ఎన్నడూ వినని పసిగొంతు ఒకటి సన్నగా పిలిచింది.

“నాయనా...”