లిస్బన్ రేవులో మధ్యాహ్న భోజనం

"సలీం దొరికిపోయినాడు పరంధామయ్యా. ఇంక సలీం నువ్వే."

1943 మార్చి. చిత్తూరులో మామిడికాయల మండీ వెనక, బయటికి గోనెసంచుల గోడౌన్‌లా కనిపించే సీక్రెట్ ఆఫీసు. చీఫ్ తిరుమలయ్య బల్లమీద రెండు వస్తువులు పెట్టాడు. ఒక వెండి సిగరెట్ కేసు. ఒక ఈజిప్టు పాస్‌పోర్టు. అందులో ఫోటో ఏజెంట్ పరంధామయ్యది.

"సలీం ఎవరు సార్?"

"కైరోలో పత్తి యాపారి. మన ట్రూప్‌షిప్ పొయ్యే దోవ జర్మనోళ్ళకి అమ్మబోయినాడు. మనోళ్ళు పట్టుకున్నారు. ఆ సంగతి వాళ్ళకింకా తెలీదు. కేసు అడుగున దొంగ రూటు ఉండాది. లిస్బన్‌లో వాళ్ళ మనిషి క్రౌస్, సలీంని ఎప్పుడూ సూడనోడు, దాన్ని నమ్మి తీసుకోవల్ల."

"నమ్మకపోతే?"

"వాళ్ళ సబ్‌మెరీన్లు అసలు దోవ ఎతుక్కుంటా పోతాయి. షిప్పులో తొమ్మిదొందల మంది మన సిపాయిలు."

పరంధామయ్య సిగరెట్ కేసు జేబులో పెట్టుకున్నాడు.

"ఆడ ఇల్డా అని ఒకామె కలుస్తాది, సలీంని కైరోలో సూసిన మనిషి. మనకీ పని చేస్తాది, వాళ్ళకీ చేస్తాది."

"నమ్మొచ్చా సార్?"

"ఆ సంగతి ఆయమ్మకే తెలీదబ్బా."

* * *

లిస్బన్. యుద్ధంలో ఏ పక్కా చేరని పోర్చుగల్ రాజధాని. అన్ని దేశాల గూఢచారులూ ఒకే వీధిలో కాఫీ తాగే ఊరు.

హోటల్ లాబీలో ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి పరంధామయ్య పక్కన కూర్చుంది. నల్ల గ్లవ్స్. చూపు ఎదుటి అద్దంలో.

"ఈ ఊళ్ళో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అడిగాడు అతను. అది కోడ్.

"సముద్రం కనపడని చోట." కోడ్ సరిపోయింది. ఇల్డా గొంతు తగ్గించింది. "పెద్ద రెస్టారెంట్లన్నిటిలోనూ పోలీసులున్నారు. క్రౌస్ రేవు దగ్గర ఒక చిన్న హోటల్ చెప్పాడు. ఒంటిగంటకి."

ఫెజ్ టోపీ, అతికించిన మీసం, వేలికి విషం దాచిన ఉంగరం. ఒంటిగంటకి పరంధామయ్య సలీం బేగా, అంటే సలీం దొరగా, ఆ హోటల్లో అడుగుపెట్టాడు. ఉప్పుచేపల వాసన. నాలుగు బల్లల నిండా రేవు కూలీలు. గోడ పక్క బల్ల దగ్గర క్రౌస్. తెల్ల సూటు, పాలిపోయిన కళ్ళు. అతని పక్కన ఇల్డా. ముగ్గురికీ తెలిసిన భాష ఇంగ్లీషే కాబట్టి మాటలు అందులోనే మొదలయ్యాయి.

అంతలో వంటింట్లోంచి ఒక నల్లటి మనిషి చేపల పళ్ళెం తెచ్చాడు. బల్లమీద పెడుతూ పెడుతూ ఆగిపోయాడు.

"పరంధామా! ఒరే అబ్బోడా, నువ్వేనా?"

పరంధామయ్య ఫెజ్ టోపీ ముందుకు లాక్కున్నాడు.

"నేనబ్బా, ఏర్పేడు మునెయ్యని! మీ ఇంట్లో వంట చేసినోణ్ణి. మా షిప్పు మునిగిపోతే ఈడ చిక్కుకోనుండా. అమ్మ అలివేలమ్మ బాగుండాదా? స్టేషను వీధిలో ఎంగిలాకులు ఎత్తిన చేతికి ఇంత ఉంగరమేంది రా!"

తిరుపతి స్టేషను వీధిలో పరంధామయ్య నాయనది పూటకూళ్ళ ఇల్లు. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం నాయన పెద్ద భూస్వామి అని అతను చెప్పుకున్నాడు. పదేళ్ళుగా ఎవరికీ తెలియని ఆ వీధి ఇప్పుడు ఒక చేత పళ్ళెం పట్టుకుని, రెండో చేయి ఊపుతూ ఎదురుగా నిలబడింది. ఇల్డా కనుబొమలు ఎత్తి చూస్తోంది.

"ఎవరితను? మీకు తెలుసా?" అన్నాడు క్రౌస్.

"తెలియదు."

అక్కడితో ఆగవచ్చు. కానీ అతని నోరు ఆగలేదు. "ఎవడో బిచ్చగాడు. కంపు కొడుతున్నాడు. అవతలికి తోయించండి."

హోటల్ యజమాని పరుగున వచ్చి మునెయ్యను కాలరు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాడు. మునెయ్య వెళ్ళేదాకా పరంధామయ్య ముఖంలోకే చూశాడు.

నోట్లో పెట్టుకున్న చేపలో మిరపకారం మండిపోతోంది. పరంధామయ్యకు పొలమారింది. కళ్ళలో నీళ్ళు. బల్లమీద మట్టి కూజా కనిపించింది. ఆలోచించకుండా ఎత్తాడు. తల వెనక్కి వాల్చి, కూజా పెదవికి తాకకుండా, పైనుంచి గటగటా నీళ్ళు పోసుకున్నాడు.

కూజా దించేసరికి క్రౌస్ చేయి బల్ల కిందికి పోయింది. లోహం క్లిక్‌మన్న చప్పుడు.

"నేను కైరోలో ఐదేళ్ళున్నాను సలీం బే. అక్కడ ఎవరూ ఇలా తాగగా చూడలేదు. ఎంగిలి కాకుండా ఇలా తాగేవాళ్ళని ఒక్క దేశంలోనే చూశాను. ఇండియాలో."

ఇల్డా తన గ్లవ్స్ వంక చూసుకుంది. ఏ పక్క మాట్లాడాలో ఇంకా తేల్చుకోలేదు.

తొమ్మిది వందల మంది. ఒక్క గుక్క నీళ్ళు.

"ఒలికిందా?"

వంటింటి గుమ్మంలో మునెయ్య. ఓడ వంటవాళ్ళ ఇంగ్లీషులో గట్టిగా అరుస్తూ వచ్చాడు. "ఒలకలేదు! దొర గెలిచాడు! ఇది ఈ హోటల్ ఆట సార్. పెదవి తాకించకుండా తాగాలి. ఒలికించినవాడు పాట పాడాలి. నేనే నేర్పాను వీళ్ళందరికీ."

రేవు కూలీలు బల్లలు చరిచారు. ఒకడు లేచి తన కూజా ఎత్తి ధారగా పోసుకుని చూపించాడు. ఇంకొకడు చొక్కా అంతా తడుపుకుని పాట అందుకున్నాడు.

బల్ల కింద క్రౌస్ తుపాకీ అలాగే గురిపెట్టి ఉంది. "ఈ ఆట ఇతనికెలా తెలుసు? ఇప్పుడేగా వచ్చాడు."

"ఇందాక నేను చెప్పింది అదే కదా సార్, మా భాషలో, చేయి ఊపి. దొరకి కోపమొచ్చింది." మునెయ్య నవ్వాడు. "బిచ్చగాడు అన్నాడు. కంపు అన్నాడు. అయినా ఆట నేర్చుకున్నాడు. తెలివైన దొర."

పరంధామయ్య చెవులు కాలిపోయాయి. మునెయ్యకు ఇంగ్లీషు వచ్చు. ప్రతి మాటా అర్థమైంది.

క్రౌస్ ఇల్డా వైపు తిరిగాడు. "నువ్వు సలీంని కైరోలో చూశావు. ఇతనేనా?"

ఇల్డా మునెయ్య నలిగిన కాలరును చూసింది. పరంధామయ్యను చూసింది.

"ఇతనే. కైరోలోనూ వంటవాళ్ళతో ఇలాగే మాట్లాడేవాడు."

తుపాకీ జేబులోకి వెళ్ళింది. సిగరెట్ కేసు చేతులు మారింది. కూలీలు క్రౌస్‌ను వదల్లేదు. కూజా ఎత్తించారు. నీళ్ళన్నీ తెల్ల సూటు మీదే. జర్మన్ గూఢచారి లేచి నిలబడి, రేవు కూలీల చప్పట్ల మధ్య పాట పాడి, దొంగ రూటు తీసుకుని వెళ్ళిపోయాడు.

* * *

మిషన్ సక్సెస్. పరంధామయ్య పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వెళ్ళాడు. మునెయ్య ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"మునెన్నా..."

"ఎవురు సామీ? బిచ్చగానికాడ మీకేం పని?"

"నేను డ్యూటీలో ఉన్నాన్నా. నిన్ను గుర్తుపడితే తొమ్మిదొందల మంది సచ్చిపోతారు."

"అదేందో ఉండాదని నీ మొగం సూస్తానే అనుకున్న్యా. అందుకే గదా వచ్చింది." కత్తి ఆగింది. "తెలీదంటివే, అది డ్యూటీ. ఆ తర్వాత మాట ఎవురి డ్యూటీబ్బా?"

పరంధామయ్య ఫెజ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను తెలుగులో మాట్లాడితి. ఆ యమ్మికి తెలుగొస్తాదా?"

"రాదు."

"తెల్లోడికి?"

"రాదు."

"మరి ఎవురి ముందర సిగ్గుపడితివి రా?"

పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. పరంధామయ్య వేలి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. "అన్నా, టికెట్ ఇప్పిస్తా. నా ఎంబడి ఊరికి రా."

"నువ్వు పో. నేను ఇంకో షిప్పులో వస్తా."

"ఎందుకన్నా?"

"దోవలో నన్ను ఎవురన్నా సూపించి అడిగితే, ఈసారి నన్నేమంటావో!" మునెయ్య పళ్ళెంలో అన్నం పెట్టి, పులుసు పోసి ముందుకు జరిపాడు. "తిను. ఆకలితో పోతే అలివేలమ్మ నన్ను తిడతాది."

* * *

సిపాయిల షిప్పు క్షేమంగా చేరింది. చిత్తూరు ఆఫీసులో పరంధామయ్య రిపోర్టు రాశాడు. తండ్రి వృత్తి అన్న చోట పాత మాట కొట్టేసి 'పూటకూళ్ళ ఇల్లు' అని దిద్దాడు. ఆఖరి గడి, తర్వాత వెళ్ళే ఏజెంట్ల కోసం: లిస్బన్‌లో ఎక్కడ తినాలి?

ఆ గడిలో ఇలా రాశాడు. "రేవు దగ్గర మునెయ్య వంట. రుచికి లోటు లేదు. తల పైకెత్తి తినడం మాత్రం నా వల్ల కాలేదు."