పశువుల కాపరి జూల్స్ చావు

"నమ్మకద్రోహి అయితే చంపెయ్. కాకపోతే దండం పెట్టి వచ్చెయ్," అన్నాడు లండన్‌లో కల్నల్. "పేరు సొలాంజ్. జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో, రూవాన్ ఊళ్లో హోటల్ నడుపుతూ మనకి ఏజెంటుగా ఉంది. అందగత్తె. జాగ్రత్త."

"రుజువేమిటి సర్?"

"ఆమెని నమ్మిన ముగ్గురూ పోయారు."

అలా ఎర్ల్ బిరుదున్న ఇంగ్లీషు జమీందారు గారి రెండో కొడుకు, కెప్టెన్ ఆబ్రీ థార్న్‌లీ, 1944 మార్చిలో పశువుల కాపరి జూల్స్ అయ్యాడు. నడుముకి పాత పిస్తోలు, కోటు గుండీలో విషం. ఆ హోటల్ గుడ్డలుతికే లాండ్రీ నడిపే బెర్త్ అనే ఆవిడ ఇంట్లో దిగాడు. ఆమె అటక మీద అప్పటికే ఆరుగురు బ్రిటిష్ పైలట్లు దాక్కుని ఉన్నారు.

బెర్త్ అతనికి కాపరి నడక, దగ్గు, ముక్కు చీదడం అన్నీ నేర్పింది.

"నడుం వంచు దొరా! కర్ర మింగినట్టు నిలబడితే ఆవు కూడా నిన్ను నమ్మదు."

"పుట్టినప్పటినుంచీ ఇలాగే నిలబెట్టారు బెర్తమ్మా. ఇప్పుడు వంగమంటే ఎలా?"

పిల్లల్లేని ఆ మనిషికి అతనంటే ప్రాణం.

ఒక శుక్రవారం పొద్దున బెర్త్ కొంప ముంచింది. పైలట్లని ఊరు దాటించేది సొలాంజే కదా అని, ఉతికిన టేబుల్ గుడ్డల్లో చీటీ పంపింది: ఆరుగురూ నా అటక మీదున్నారు. అనుమానం సంగతి ఆబ్రీ ఆమెకి చెప్పలేదు మరి. చీటీ సంగతి విన్నాక అతను లేచి కోటు తొడుక్కున్నాడు.

"తప్పు నాదే. హోటల్‌కి వెళ్దాం. ఆమె ఎవరికి చెబుతుందో చూడాలి. ఏం జరిగినా నేనెవరో మీకు తెలీదు."

మధ్యాహ్నం హోటల్ నిండా జర్మన్ సైనికులు. గుడ్డల మూట దించి వంటింటి గుమ్మంలోంచి బెర్త్ చూస్తోంది. ఆబ్రీ పులుసు జుర్రాడు, మూతి చేతికి తుడుచుకున్నాడు. శభాష్ అనుకుంది. అంతలో చెంచా కింద పెట్టేశాడు. కంచంలో ఒక మాంసం ముక్క మిగిలింది!

దొరల ఇళ్లలో దాది నేర్పే మర్యాద అది. ఆఖరి ముక్క తింటే ఆబ అంటారు. కానీ ఈ ఊళ్లో నాలుగేళ్లుగా ఎవరూ టర్నిప్ తొక్క కూడా వదల్లేదు. ఒరే నా తండ్రీ, తినరా, అని బెర్త్ లోలోపల మొత్తుకుంది.

సొలాంజ్ కంచం తీయబోయి ఆగింది. "వంట బాగాలేదా అబ్బాయ్?"

"కడుపు నిండిపోయిందమ్మా."

"అదృష్టవంతుడివి," అని నవ్వి, వెళ్లి ఫోనెత్తింది. "మేజర్ గారా? సొలాంజ్‌ని. ఒక చిరునామా రాసుకోండి..."

ఆబ్రీ పిస్తోలు పేలింది. ఆమె కూలిపోయింది. మరుక్షణం సైనికుల తూటాలు ఆబ్రీ పొట్టలో దిగాయి.

పొయ్యి పక్కన పడ్డాడు. ప్రాణం పోలేదు. నొప్పికి ఇంగ్లీషులో అమ్మా అంటే అంతా బయటపడుతుంది. బెర్త్ వైపు చూడనైనా చూడకుండా కోటు గుండీ కొరికాడు.

బెర్త్ సొలాంజ్ శవం మీద పడి బావురుమంది. ఏడుస్తూనే సొలాంజ్ ఏప్రన్ జేబులోంచి తన చీటీ లాగేసింది. ఏడుపు నిజమైనదే, వేరే మనిషి కోసం.

"ఎవడు వీడు?" అన్నాడు లెఫ్టినెంట్.

"తాగుబోతు వెధవ! నెల రోజులుగా దీని వెంటపడ్డాడు. ఇది కాదంది."

లెఫ్టినెంట్ నవ్వుతూ రాసుకున్నాడు.

ఆబ్రీని జూల్స్ పేరుతోనే దిక్కులేనివాళ్ల గోతిలో పూడ్చారు. పైలట్లలో నలుగురు నెల తిరక్కుండా దారిలో పట్టుబడ్డారు. ఇద్దరే ఇల్లు చేరారు.

ఎనిమిది తరాల ఆ ఎర్ల్ వంశంలో ప్రేమ కోసం చచ్చినవాడు ఒక్కడూ లేడట. లెఫ్టినెంట్ రాసుకున్న జర్మన్ ఫైల్లో మాత్రం ఒకడున్నాడు, జూల్స్ పేరుతో.