మూడు తీసి చెప్పిన అంకె

టీకాల గదిలో పిల్లలు నవ్వుతున్నారు. తల్లులు పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. సూది పసిబిడ్డ తొడలో దిగితే పక్కనున్న తల్లి ఉలిక్కిపడుతోంది. బిడ్డ మాత్రం నర్సు ఆడించే గిలక్కాయ కేసి చూస్తూ చేతులు చాపుతోంది.

బాధబదిలీ పట్టీలు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. మణికట్టుకి కట్టుకునే జత పట్టీలు అవి. ఒకటి పంపేవాళ్ళకి, ఒకటి అందుకునేవాళ్ళకి. పన్ను పీకినా, చెవులు కుట్టినా, కాలు విరిగినా నొప్పి ఇంట్లో ఇంకొకరికి పోతుంది. ఎవరికి పోవాలన్న మాట ఏ ఇంట్లోనూ పెద్దగా చర్చకి రాలేదు. ఆడవాళ్ళకే పోయింది.

ఆ రోజు ఆ గదిలో ఏడ్చింది ఒక్క లోహితే. రెండేళ్ళ పిల్ల, గుక్కపట్టి ఏడ్చింది. అందరూ తిరిగి చూశారు.

"ఏటమ్మా, పట్టీ లేకుండా తెచ్చీసావా పిల్లని?" అంది నర్సు.

"నా చేతికి మా ఆయనదుందమ్మా," అంది లోహిత తల్లి నూకరత్నం, తల దించుకుని. ఒక మనిషికి ఒక బంధమే కుదురుతుంది. రెండు వేసుకుంటే గుండె తట్టుకోదని పట్టీలు చేసినవాళ్ళే రాశారు పెట్టె మీద.

"ఓహో, ఆటగాడి పెళ్ళానివా! మరయితే అత్తగారిని తెచ్చుకోవాలి," అంది పక్కనావిడ, తన తొడ తనే నిమురుకుంటూ.

రత్నం పిల్లని కుడి భుజానికెత్తుకుంది. ఎడమచెయ్యి లేవడంలేదు. మూడు వారాలుగా మెడ వెనక ఒక తీగ మండుతోంది. తల కాస్త తిప్పితే చాలు, ఆ మంట ఎడమ వేళ్ళ చివరిదాకా జర్రున పాకుతోంది. ఆ మెడ తనది కాదు. మొగుడు పైడిరాజుది.

పైడిరాజు విశాఖ గద్దల జట్టులో రిసీవరు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ ఈ తీరానికి పట్టీలతోపాటే వచ్చింది. అంతకుముందు ఎముకలు విరగ్గొట్టుకునే ఆట మనకెందుకని ఎవరూ ముట్టుకోలేదు. నొప్పి లేదన్నాక ఊరూరా మొదలెట్టారు. రిసీవరంటే మైదానం అంచున నిలబడి, ఈల పడగానే బాణంలా పరిగెత్తి, వెనకనించి గాల్లో వచ్చే బంతిని ఎగిరి అందుకునేవాడు. వాడు ఎగిరిన క్షణంలో ఒళ్ళంతా కాపు లేకుండా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టువాళ్ళు వచ్చి గుద్దుతారు. తొమ్మిదేళ్ళుగా పైడిరాజు ఎగురుతున్నాడు. పెళ్ళైన ఆరేళ్ళుగా రత్నం గుద్దించుకుంటోంది.

ఆట రోజుల్లో భార్యలందరూ స్టేడియం కింద ఓర్పుగదిలో కూర్చోవాలి. యంత్రం నొప్పిని మోయగలదు గానీ కొలవలేదు. ఎంత నొప్పో పడినవాళ్ళే నోటితో చెప్పాలి. ప్రతి దెబ్బకీ జట్టు డాక్టరు గోడలోని మైకులోంచి "ఎంత?" అంటాడు. ఒకటినించి పది లోపు అంకె చెప్పాలి. ఎనిమిదో, అంతకు మించో అయితే ఆటగాణ్ణి దింపేసి, ఎముకలు, నరాలు పరీక్ష చేస్తారు.

రత్నం ఆ గదికి మొదటిసారి వచ్చినప్పుడు సుగుణక్క పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆవిడ మొగుడు ముందు వరసలో గోడలా నిలబడి కాసే ఆటగాడు. "వచ్చిన అంకెలోంచి మూడు తీసి చెప్పు. మా అందరిదీ అదే లెక్క. ఉన్నదున్నట్టు చెప్పావా, మొగుడు ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చున్న ఆటగాణ్ణి భరించడం కంటే ఇదే నయం, నా మాట ఇను." గదంతా గొల్లున నవ్వింది. రత్నమూ నవ్వింది.

టీకా వేయించిన రోజునే ఉన్న ఆట పైడిరాజుకి పెద్ద పరీక్ష. ముప్పై ఒకటి నిండాయి. పోయిన ఆటలో చేతికొచ్చిన బంతులు రెండు జారవిడిచాడు. "వేళ్ళు మొద్దుబారాయి, చెమటేమో," అన్నాడు ఇంటికొచ్చి. ఇంకో రెండేళ్ళు ఉంచుకోవాలా, పంపెయ్యాలా అన్నది ఆ రోజే తేలుస్తామన్నారు జట్టువాళ్ళు. పంపేస్తే ఏం చేస్తాడో అతనికే తెలీదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి మైదానానికెళ్ళినవాడు.

పిల్లని పక్కింట్లో దించి రత్నం ఓర్పుగదికి చేరేసరికి ఆట మొదలైపోయింది.

"ఏటే, మొహం అలా పీక్కుపోయింది?" అంది సుగుణక్క.

"మెడక్కా. ఇలాటి నొప్పి ఎప్పుడూ రాలేదు. పిడుగులా వేళ్ళలోకి దిగుతోంది."

సుగుణక్క నవ్వలేదు. "ఎంత చెప్పావు డాక్టరుకి?"

"అయిదు."

"ఎంతుంది?"

రత్నం ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. సుగుణక్క ఆమె మొహంలోకి చూసి, గోడమీద ఆట చూపించే తెర కేసి తల తిప్పుకుంది.

పైడిరాజు మొదటి బంతి అందుకున్నాడు. భుజం మీద గుద్దారు. రత్నానికి కళ్ళముందు తెల్లగా మెరిసింది.

"ఎంత?"

"నాలుగండీ."

రెండోది అందుకుని పడ్డాడు. మెడ తీగ నిప్పయింది. కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్ళు కొంకర్లు పోయాయి. తొమ్మిదా? పదా? అంతకు మించి అంకె లేదు. చెప్పెయ్యనా అనుకుంది. తెరమీద పైడిరాజు లేచి, ఒంటిమీద గడ్డి దులుపుకుని, కుర్రాడిలా గంతేశాడు. చాలా నెలల తరవాత అతని మొహంలో ఆ వెలుగు.

"రత్నంగారూ, ఎంత?"

"ఆరండీ," అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"నిజమేనా? ఆ దెబ్బకి ఆరేనా?"

"ఆరేనండీ. నాకలవాటే కదా."

మూడో బంతి చాలా ఎత్తుగా వచ్చింది. పైడిరాజు రెండు చేతులూ చాపి ఎగిరాడు. అటునించి ఒకడు, ఇటునించి ఒకడు వచ్చారు. రత్నం కళ్ళు మూసుకుని ఒళ్ళంతా బిగబట్టుకుంది.

ఏమీ రాలేదు.

మెడలో మంట కూడా ఆగిపోయింది. మూడు వారాల తరవాత ఊపిరి నిండుగా అందింది. తప్పించుకున్నాడు, తగల్లేదు అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత?" అన్నాడు డాక్టరు. గొంతులో ఏదో తొందర.

"సున్నా అండీ! సున్నా!" అంది నవ్వుతూ.

గదిలో ఎవరూ నవ్వలేదు. సుగుణక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తెర కేసి చూస్తోంది. పైడిరాజు గడ్డిలో వెల్లకిలా పడున్నాడు. బంతి అతని ఛాతీ మీదనించి నెమ్మదిగా దొర్లి పక్కన పడింది. దాన్ని పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు.

మెడ ఎముక చాలా రోజుల కిందటే చిట్లిందన్నాడు ఆసుపత్రి డాక్టరు. చిట్లిన ముక్క వెన్నులోని నరాన్ని నొక్కుతూ వచ్చింది, ఈ దెబ్బకి తెగ్గోసింది. "తెగిన చోటు కిందనించి ఇంక ఏ నొప్పీ రాదు, ఎవరికీ. ముందుగా ఒక్క ఎనిమిది చెప్పినా దింపేసి చూసేవాళ్ళు కదమ్మా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నెల తరవాత మాట వచ్చింది పైడిరాజుకి. రత్నం మంచం పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. "నేనే నిన్నిలా చేశాను మావా. తగ్గించి చెప్పాను."

అతను కప్పు కేసే చూస్తున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు.

"ఏటి తెలుసు?"

"నువ్వు పిల్లని కుడిచేత్తోనే ఎత్తుకునేదానివి. రోజూ చూసేవాణ్ణి. అడిగితే నిజం చెప్పేస్తావని అడగలేదు."

తిట్టినా బాగుండును అనుకుంది రత్నం. ఒకరినొకరు తిట్టుకోడానికి కూడా లేకుండా తప్పు ఇద్దరికీ సగం సగం పడింది.

కొత్త సీజను మొదలవబోతుండగా ఒక మధ్యాహ్నం ఇరవయ్యేళ్ళ పిల్ల ఒకతి గుమ్మంలో నిలబడింది. చేతికి కొత్త పట్టీ, ఇంకా మెరుపు పోలేదు.

"నా పేరు ప్రసన్న, అక్కా. సుగుణక్క నిన్ను కలవమంది. మా ఆయన కొత్త రిసీవరు. మీ ఆయన స్థానంలోకే."

రత్నం ఆమెను లోపలికి పిలిచి, మంచం మీది మనిషిని చూపించింది. ఏమీ దాచలేదు. మూడు తీసే లెక్క సంగతి, చెప్పని తొమ్మిది సంగతి, నవ్వుతూ చెప్పిన సున్నా సంగతి అన్నీ చెప్పింది. "ఎంతొస్తే అంత చెప్పు తల్లీ. సుగుణక్క మాట ఇనకు. ఎవరి మాటా ఇనకు. నీకు దండం పెడతాను."

ప్రసన్న కళ్ళు తుడుచుకుంది.

"కానక్కా, దింపేస్తారు కదా," అంది చివరికి. "ఇదే మొదటేడు. ఎనిమిదేళ్ళ వయసునించీ దీనికోసమే పరిగెత్తాడు. నా నోటితో నేను ఎలా దింపించనక్కా?"

ప్రసన్న లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆగింది. గొంతు తగ్గించింది.

"అక్కా, అరుపొస్తే డాక్టరుకి వినపడకుండా నోట్లో ఏం పెట్టుకునేదానివి?"

అరిచెయ్, గట్టిగా అరిచెయ్, ఊరంతా వినపడేలా అరిచెయ్ అని చెప్పాలనుకుంది రత్నం. ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎవరేం చెప్పినా అరిచే మొహం కాదది.

"చున్నీ చివర," అంది. "తడిపి పెట్టుకో. పొడిగుడ్డయితే పెదాలు కోసుకుపోతాయి."