బ్రేకులో ఉప్పు

తిరుపతిరావుని చంపడానికి హంతకులు ఒక తూటా కూడా ఖర్చు పెట్టలేదు.

1948 ఆగస్టు. అతను నిజాం సరిహద్దు మీదుగా ఎగిరి, దొంగతుపాకులు దిగుతున్న చోట్లని ఫొటోలు తీసి, మైలవరం దగ్గర మట్టి రన్‌వే మీద దిగాడు. బ్రేకు తొక్కాడు. విమానం ఆగలేదు. రన్‌వే చివరి రాళ్ల క్వారీలోకి పోయింది. జనం చేరేసరికి కెమెరాలో ఫిల్మ్ లేదు.

మద్రాసు నుంచి ఎంక్వయిరీ కమిటీ వచ్చింది. క్వారీలోకి దిగితే బూట్లు పాడవుతాయని గట్టు మీంచే చూసింది. ట్రావెలర్స్ బంగళాలో కోడికూరతో లంచ్ చేసి, ‘పైలట్ తప్పిదం’ అని రాసి, సాయంత్రం మెయిల్ ఎక్కింది.

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాని వెనక గదిలో గూఢచారి శాఖ చీఫ్ సత్యంగారు తలుపు వేశారు.

“రేపు రెండో విమానం వెళ్తుంది. పైలట్ శౌరయ్య. అదే రూటు, అదే రన్‌వే. నువ్వు మెకానిక్‌వి.”

ఏజెంట్ సాంబమూర్తి తలూపాడు. యుద్ధకాలమంతా విమానాల కింద పడుకుని పనిచేసినవాడు. అతనికది వేషం కాదు. తిరుపతిరావుకి ఇంజను విప్పడం నేర్పింది అతనే. ఆ సంగతి చీఫ్‌కీ తెలుసు.

“ఆ తుపాకుల ముఠా ఎవరిదండీ?”

“కెప్టెన్ డ్రేక్. పాస్‌పోర్టులు నాలుగు, దేశం ఒక్కటీ లేదు. అతని దగ్గర మన మనిషి ఉంది, మిస్ టెర్రీ.”

“మన మనిషేనా?”

“జీతం మనం కూడా ఇస్తున్నాం.” చీఫ్ కళ్లజోడు తీశారు. “శౌరయ్య కూడా పోతే ఇక ఎగిరేవాడు దొరకడు. ఆ తుపాకులు సరిహద్దు పల్లెల మీద పేలతాయి. పైగా ఆ ‘తప్పిదం’ తిరుపతిరావు పేరుకి అలాగే అంటుకుని ఉండిపోతుంది.”

గుంటూరులో తెరేసమ్మగా పుట్టి బొంబాయిలో మిస్ టెర్రీ అయిన ఆవిడ, రైల్వే రిఫ్రెష్‌మెంట్ రూములో సెంటు వాసనతో సహా వచ్చి కూర్చుంది.

“ఈ ఏడు కంకిపాడు పెసలు ఎలా ఉన్నాయండీ?” అంది.

“పుచ్చిపోయాయండి.”

కోడ్ వర్డ్ అది. పట్టుచీర కట్టిన మనిషి నూనె చొక్కావాడిని పెసల ధర అడుగుతుంటే చుట్టూ మూడు టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు. రహస్యం అంటే డిపార్ట్‌మెంట్ ఉద్దేశం అదే.

ఆవిడ లిప్‌స్టిక్ లాంటి చిన్న టార్చిలైటు చేతిలో పెట్టి గొంతు తగ్గించింది. “వాళ్లు బ్రేకు పైపు కోస్తారు. పైపులే చూడండి. నూనె సంగతి వదిలేయండి. కొత్తది, ఎర్రగా నిగనిగలాడుతోంది.”

“మీరు చూశారా?”

“నేనా? ఆ జిడ్డు నేనెందుకు ముట్టుకుంటాను?”

సాంబమూర్తి కాఫీ చివరిదాకా తాగాడు. పూలూ పౌడర్లూ తప్ప ఏమీ ముట్టుకోని మనిషికి విమానం బ్రేకులో పోసే నూనె రంగు తెలుసు. వదిలేయమంది కాబట్టి ముందు నూనే చూడాలనుకున్నాడు.

కంకిపాడు అవతల రేకుల హ్యాంగర్లో రెండు సీట్ల విమానం ఉంది. అమెరికన్లు యుద్ధం తర్వాత వదిలేసిపోయింది. పైలట్ శౌరయ్య రెక్క నీడలో గోళ్లు కొరుక్కుంటున్నాడు.

“పెడల్ తొక్కి పట్టుకోండి” అన్నాడు సాంబమూర్తి.

శౌరయ్య తొక్కాడు. “గట్టిగానే ఉందండీ.”

“కాలు తియ్యకండి.”

కాసేపటికి పెడల్ మెల్లగా కిందికి జారింది. శౌరయ్య మొహంలో రంగు కూడా దాంతోపాటే జారింది.

పైపులన్నీ సలక్షణంగా ఉన్నాయి. చక్రం కింద పరిచిన తెల్లగుడ్డ మీద మాత్రం చిన్న ఎర్రచుక్క పడింది. సాంబమూర్తి చక్రం విప్పాడు. లోపలి రబ్బరు సీలు నానిన శనగలా ఉబ్బింది. నూనె గాజుగ్లాసులోకి వంపి వాసన చూశాడు.

విమానంలో పోసేది పెట్రోలు జాతి రాతినూనె, ఎర్రగా ఉంటుంది. ఇది లారీల బ్రేకుల్లో పోసే ఆముదం సరుకు. చిన్నప్పుడు ఆముదం తాగిన ఏ తెలుగువాడికీ ఆ వాసన ఒకరు పరిచయం చెయ్యనక్కర్లేదు. ఈ విమానం రబ్బరుకి ఆముదం విషం. నేలమీద పరీక్షలో బ్రేకు పట్టినట్టే ఉంటుంది, దిగేటప్పుడు వదిలేస్తుంది. అనుమానం రాకుండా ఎవరో దానికి ఎర్రరంగు కలిపారు.

గ్లాసు అడుగున తెల్లటి రవ్వ తేరింది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పు.

అతని తల్లి పుట్టిల్లు నేతవాళ్లది. ఎర్ర అద్దకం తొట్లో పిడికిలితో ఉప్పు పడటం అతను చిన్నప్పుడే చూశాడు.

అప్పుడే వీరభద్రయ్య లోపలికొచ్చాడు. విమానం రెక్కలకి గుడ్డ సప్లై చేసే బెజవాడ వస్త్రవ్యాపారి. సొంత అద్దకం ఉన్నవాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టాడు. “క్షేమంగా వెళ్లి రండి బాబూ” అన్నాడు శౌరయ్యతో.

“మీ ఎరుపు దిగదంటారే, నిజమేనాండీ?” అన్నాడు సాంబమూర్తి.

“మూడు తరాలు కట్టినా దిగదు.”

“ఉప్పు ఏ పాటి వేస్తారు?”

“పది శేర్ల నూలుకి శేరు. ఉప్పు పడకపోతే అది రంగేంటి బాబూ, రంగునీళ్లు.”

“మరి నూనెకండీ?”

వీరభద్రయ్య నోరు తెరిచాడు. గ్లాసు చూశాడు.

“నూనెలో ఉప్పు కరగదండి” అన్నాడు సాంబమూర్తి. “హత్య చేస్తూ కూడా అద్దకం మానలేకపోయారు.”

“కెప్టెన్‌గారు రంగు వెయ్యమన్నారు. వేశాను. అది చేతి అలవాటు బాబూ.”

“నిమ్మకాయలు?”

“అవి నా తృప్తికి.”

అతని తృప్తిని, నిమ్మకాయలతో సహా, స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. సాంబమూర్తి చీఫ్‌కి ఫోన్ చేసి, క్వారీలో కానిస్టేబుళ్లని దాచమన్నాడు.

తర్వాత పని మొదలైంది. పైపులన్నీ కడిగాడు. సీలు విప్పని డబ్బాలోంచి కొత్త రబ్బర్లు తీసి వేశాడు. అసలు నూనె పోశాడు.

“తొక్కండి. పట్టండి. వదలండి.”

చక్రం దగ్గరి గొట్టంలోంచి నూనెతో బుడగలొచ్చాయి.

“ఇంకెన్నిసార్లండీ? కాలు లాగేస్తోంది.”

“బుడగ ఆగేదాకా. గాలి మిగిలితే బ్రేకు మిగలదు.”

బుడగలు ఆగాయి. పెడల్ రాయిలా నిలిచింది. సాంబమూర్తి చేతులు తుడుచుకుని వెనక సీట్లో ఎక్కాడు.

“మీరెందుకండీ?” అన్నాడు శౌరయ్య.

“వేసింది నేను. పడితే నాతోనే పడాలి.”

ఫొటోలు అయ్యాయి. పొద్దు వాలుతుండగా మైలవరం రన్‌వే కనిపించింది. మధ్యాహ్నం వాన పడినట్టుంది, నేల బురదగా ఉంది. చక్రాలు తగిలాయి. శౌరయ్య తొక్కాడు. విమానం పక్కకి జారింది. క్వారీ అంచు ఎదురొచ్చింది. సాంబమూర్తికి ఆ క్షణంలో తిరుపతిరావు కాలు గుర్తొచ్చింది. అదీ ఇలాగే తొక్కి ఉంటుంది, చివరిదాకా, తప్పేమీ లేకుండా.

“వదలకండి” అన్నాడు.

విమానం ఆగింది. ముక్కు క్వారీ మీదికి వంగింది. తోక నేలమీదే నిలిచింది.

కింద రాళ్ల మధ్య ఒక దొర తల ఎత్తి చూస్తున్నాడు. శవాల దగ్గర ఫిల్మ్ ఏరుకోవడానికి గోనెసంచి కూడా తెచ్చుకున్నాడు. నాలుగు పాస్‌పోర్టులవాడు, సంచి మాత్రం మన జనపనారది. కానిస్టేబుళ్లు వెనకనుంచి అతని భుజం తట్టారు.

మిస్ టెర్రీ బొంబాయికి టిక్కెట్ కొనుక్కుని ఫస్ట్‌క్లాస్ వెయిటింగ్ రూములో దొరికింది. జీతం బాకీ ఉందని చీఫ్‌ని నిలదీసిందట.

మర్నాడు సత్యంగారు టైప్‌రైటర్ల చప్పుడు మధ్య అన్నారు. “తిరుపతిరావు విమానానికీ ఇదే నూనె కలిపానని వీరభద్రయ్య ఒప్పుకున్నా, కమిటీవారు మాట మార్చుకోరట. ఉప్పే అనడానికి టెక్నికల్ రుజువు కావాలంటున్నారు.”

సాంబమూర్తి సంచిలోంచి గాజుగ్లాసు తీసి టేబుల్ మీద పెట్టాడు. అడుగున తెల్లటి రవ్వ అలాగే ఉంది.

“ఈసారి లంచ్‌లో ముందు ఇది వడ్డించండి.”